వయొలిన్ విద్వాంసురాలు అడిగిన నాలుగున్నర నిమిషాల తిల్లానా: చేతికి తగ్గట్టు కట్టడం ఎలా, అది ఎవరి సొత్తు?

ప్రశ్న: కడప వీణ

నమస్కారం. నేను కడపలో ఇరవై రెండేళ్లుగా వీణ, గాత్రం నేర్పుతున్నాను. శిష్యుల కోసం చిన్న జతిస్వరాలు, స్వరజతులు కట్టడం నాకు మొదటినుంచీ అలవాటే. అయితే బయటి కళాకారులు వచ్చి, తమ కచేరీలో తామే వాయించుకోవడానికి ఒక కొత్త రచన కావాలని పారితోషికం ఇచ్చి మరీ అడగడం మూడేళ్ల కిందట మొదలైంది. ఇప్పటికి రెండు రాసి ఇచ్చాను. మూడోది చేతిలో ఉంది, దాని గురించే మీ సలహా కోరుతున్నాను.

అడిగినావిడ వయొలిన్ విద్వాంసురాలు. పుట్టింది ప్రొద్దుటూరులో, ఉండేది బెంగళూరులో. కచేరీ చివర, మంగళానికి ముందు వాయించడానికి నాలుగున్నర నిమిషాల తిల్లానా (తాళపు పలుకులతో నడిచే చిన్న రచన) కావాలన్నారు. మధ్యమావతి రాగం, ఆదితాళం ఆవిడే కోరుకున్నారు. నేను పది రోజుల్లో కట్టి, స్వరం రాసి, వీణ మీద వాయించి రికార్డు చేసి పంపాను. అందులో నాకు బాగా తృప్తినిచ్చింది చరణం. మంద్ర (కింది స్థాయి) షడ్జం దాటి, అంతకన్నా కిందిదైన అనుమంద్ర తంతి మీద పంచమం దాకా దిగి, ఆ తంతిని ఖాళీగా మోగించి, నిషాదం మీదుగా మళ్లీ షడ్జానికి ఎక్కే ప్రయోగం అది. మరుసటి రోజు ఆవిడ ఫోను చేసి, ఎంతో మర్యాదగా, "సార్, చరణం చానా బాగుంది గానీ, నా వయొలిన్‌కు అక్కడ తంతే లేదు గదా" అన్నారు.

నిజమే. వయొలిన్‌లో అన్నిటికన్నా కింది తంతి మంద్ర షడ్జం. దానికింద ఇక ఏమీ లేదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. నలభై ఏళ్లుగా వీణ ఒళ్లో ఉండటంవల్ల, రాగం తలచుకోగానే నా వేళ్లు వీణ మెట్ల మీదికే పోతున్నాయి. చరణాన్ని ఒక స్థాయి పైకి జరిపి చూశాను. స్వరాలు అవే ఉన్నాయి, బరువు మాత్రం పోయింది. దాన్ని అలాగే ఇవ్వడానికి మనసొప్పడం లేదు.

రెండో సంగతి ఇంకొంచెం బాధ కలిగించేది. నేను ఇంతకుముందు రాసి ఇచ్చిన రెండింటిలో ఒకదాన్ని, తీసుకున్న కళాకారుడు చక్కగా సాధన చేసి, రికార్డు చేసి, అంతర్జాలంలో పెట్టారు. రచయిత పేరు ఉండవలసిన చోట "సంప్రదాయ రచన" అని ఉంది. అడిగితే, "తప్పు జరిగింది, మారుస్తాను" అన్నారు. ఏడాది దాటినా మారలేదు. మా మధ్య రాతపూర్వకంగా ఏమీ లేదు కాబట్టి నేనూ గట్టిగా అడగలేకపోయాను. ఇప్పుడు ఈవిడ, ఈ తిల్లానా వేరెవరూ వాయించకూడదని కోరుతున్నారు. అలా కోరడం న్యాయమేనా? ఒప్పుకుంటే ఎంతకాలం ఒప్పుకోవాలి? స్వరం ఎంత వివరంగా రాసి ఇవ్వాలి? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.

సమాధానం: కర్నూలు వయొలిన్

నమస్కారం సార్. నేను కర్నూలులో వయొలిన్ వాయిస్తాను, పక్కవాద్యానికీ వెళ్తాను. నా కోసం ఇద్దరు పెద్దలు చిన్న రచనలు చేసి ఇచ్చారు. అందువల్ల రాయించుకునేవారి వైపు నుంచి నాలుగు మాటలు చెప్పగలను.

మొదట, కలం పట్టకముందే ఆవిడను ఒక గంటసేపు ఎదురుగా కూర్చోబెట్టుకుని మధ్యమావతి ఆలాపన వాయించమనండి. రికార్డు పంపమనడం వేరు, ఎదురుగా చూడటం వేరు. కమాను ఎక్కడ పొడుగ్గా లాగుతున్నారు, ఏ స్వరం మీద తనకు తెలియకుండానే ఆగుతున్నారు, పంచమం తంతి నుంచి షడ్జం తంతికి దాటేటప్పుడు చెయ్యి తేలిగ్గా పోతుందా, సందేహిస్తుందా అన్నది గమనించండి. నాకు తిల్లానా రాసిన పెద్దాయన అలా గమనించే, నేను తార రిషభం మీద కమాను ఆపలేక తొందరపడతానని పట్టుకున్నారు. ఆ రిషభం మీదే ఒక పూర్తి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) కార్వె, అంటే స్వరాన్ని సాగదీసి నిలపడం, పెట్టారు. మొదట కష్టమనిపించింది. ఆరు నెలల తరువాత నా ఆలాపనే మారింది. ఒక మనిషి కోసం రాయడమంటే ఆ మనిషికి సులువైనది మాత్రమే రాయడం కాదని అప్పుడు తెలిసింది.

చరణం సంగతికి వస్తాను. దాన్ని పైస్థాయికి జరపకండి. వయొలిన్ నాలుగు తంతులను మనం మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమం అని శ్రుతి చేసుకుంటాం. మధ్యమావతిలో ఆధారంగా నిలిచే షడ్జం, పంచమం రెండూ ఖాళీ తంతుల మీదే ఉన్నాయి. కాబట్టి మంద్ర షడ్జం తంతిని ఖాళీగా మోగనిస్తూ, పక్కనున్న మంద్ర పంచమం తంతి మీద "ప ని స రి" ప్రయోగాలు నడిపించండి. ఒకే కమాను రెండు తంతులనూ తాకుతుంది. వీణలో మీకు అనుమంద్ర పంచమం ఇచ్చిన బరువును ఇక్కడ ఆ రెండు తంతుల కలయిక ఇస్తుంది. ఆ దిగువ ప్రయోగం మీద మీకున్న ప్రేమను వదులుకోవలసి వస్తుందని నాకు తెలుసు. దాన్ని ఒక వీణ రచన కోసం దాచుకోండి. అలాగే వీణ మెట్టు మీద తంతిని లాగి మూడు, నాలుగు స్వరాలు పలికించే చోట వయొలిన్‌లో వేలు జారవలసి ఉంటుంది. లాగినప్పుడు వచ్చే బిగువు జారులో రాదు. అక్కడ జంట స్వరాలో, కమాను విరుపులో పెట్టడం మేలు.

నిడివి విషయంలో ముందుగానే లెక్క వేసుకోవడం మంచిది. నిమిషానికి 80 అక్షరాల నడకలో ఆదితాళం ఆవర్తనానికి 6 సెకన్లు పడుతుంది. నాలుగున్నర నిమిషాలంటే 45 ఆవర్తనాలు. అందులో పల్లవి, దాని సంగతులతో (అదే వరుసను మార్చి మార్చి వాయించడం) కలిపి 12, అనుపల్లవి 8, మళ్లీ పల్లవి 2, చరణం 12, జతులు (తాళపు పలుకుల వరుసలు) 8, చివర పల్లవి, ముక్తాయింపు (మూడుసార్లు వచ్చే ముగింపు వరుస) 3 అనుకుంటే సరిగ్గా సరిపోతుంది. ఇంత చిన్న రచనలో ఒక్క సంగతి ఎక్కువైనా చరణానికి చోటు తగ్గుతుంది. కొత్తగా రాసేవారు పల్లవి మీద మోజుతో ఎనిమిది సంగతులు పెట్టి, చరణం దగ్గర పరుగెత్తడం నేను చాలాసార్లు చూశాను.

ముక్తాయింపు గురించి ఒక్కమాట. అక్షరానికి నాలుగు మాత్రల లెక్కన, పల్లవి సమంలో (తాళం మొదటి దెబ్బ మీద) ఎత్తుకుంటే, 16 మాత్రల సొల్లును (పలుకుల వరుసను) మూడుసార్లు, మధ్యలో 8 మాత్రల విరామం రెండుసార్లు పెడితే 64 మాత్రలు, అంటే రెండు ఆవర్తనాలు పూర్తవుతాయి. పల్లవి ఎత్తుగడ అర అక్షరం తరువాత ఉంటే 66 కావాలి. అప్పుడు సొల్లును ముట్టుకోకుండా, విరామాలను 9 చొప్పున చేయండి. ఆ ఒక్కొక్క మాత్ర ఆలస్యం వినేవారికి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. మృదంగం వారికి మాత్రం ముందే చెప్పి ఉంచాలి.

స్వరం రాయడం గురించి మా ఊరి పెద్దను తలచుకోకుండా ఉండలేను. శ్రీపాద పినాకపాణి గారు కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసర్‌గా పనిచేసి, ఇక్కడే స్థిరపడి, 2013లో తన నూరవ ఏట కన్నుమూశారు. రోగులను చూసుకుంటూనే, గురువులు పాడగా విన్న కృతులను గమకాలతో సహా కాగితం మీద పెట్టే పనిని జీవితమంతా చేశారు. ఆయన స్వరలిపిలో "రి" అని ఒక్క అక్షరం రాసి ఊరుకోరు. ఆ రిషభం ఎక్కడినుంచి బయలుదేరి, ఎన్నిసార్లు ఊగి, ఎక్కడ ఆగుతుందో మాత్రలతో సహా విడదీసి చూపిస్తారు. మీ తిల్లానాకు ప్రతి వరుసా అలా రాయనక్కర లేదు. రాగభావమంతా ఆధారపడిన అయిదారు చోట్ల మాత్రం అంత వివరం ఉండాలి. మిగిలినచోట ఆవిడ చేతికి స్వేచ్ఛ ఇవ్వండి.

సమాధానం: అనంతపురం శ్రోత

నేను వాద్యకారుణ్ని కాను. అనంతపురం లలిత కళా పరిషత్తులో కచేరీలు వింటూ పెరిగినవాణ్ని, పాశ్చాత్య సంగీతం కూడా కొంత శ్రద్ధగా వింటాను. వేరెవరూ వాయించకూడదన్న షరతు మీద మాత్రమే నా అభిప్రాయం చెబుతాను.

కళాకారులు వ్యక్తిగతంగా రచనలు రాయించుకునే పద్ధతి పడమటి దేశాలలో బాగా స్థిరపడింది. 1936లో ఎడ్గార్ వరేజ్ ఒంటరి ఫ్లూట్‌కు నాలుగైదు నిమిషాల రచన చేశారు. జార్జ్ బారేర్ అనే విద్వాంసుడు కొత్తగా చేయించుకున్న ప్లాటినం ఫ్లూట్ కోసం రాసినది కాబట్టి, ఆ లోహపు సాంద్రత అయిన 21.5 అనే అంకెనే దాని పేరులో పెట్టారు. ఒక మనిషి, ఒక వాద్యం, చివరికి ఆ వాద్యపు లోహం కూడా రచన పేరులో కలిసిపోయాయి. అయినా దాన్ని ఈనాడు ఫ్లూట్ నేర్చినవారందరూ మామూలు వెండి ఫ్లూట్ల మీదే వాయిస్తున్నారు.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే కథ పియానో విద్వాంసుడు పాల్ విట్గెన్‌స్టైన్‌ది. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న ఆయన, ఎడమచేతితో మాత్రమే వాయించే రచనలను పేరున్న రచయితలు ఎందరి చేతనో డబ్బిచ్చి రాయించుకున్నారు. అవి చిన్న రచనలు కావు, కానీ మీ ప్రశ్నకు సరిగ్గా సంబంధించినవే. జర్మన్ రచయిత హిండెమిట్ 1923లో రాసి ఇచ్చినదాన్ని ఆయన వాయించలేదు, మరొకరి చేతికి వెళ్లనివ్వనూ లేదు. ఆ ప్రతి 2002లో ఆయన కుటుంబం దాచిన కాగితాల్లో బయటపడింది, 2004లో మొదటిసారి వేదిక ఎక్కింది. హిండెమిట్ 1963లోనే పోయారు. రష్యన్ రచయిత ప్రొకోఫియెవ్ 1931లో రాసినదీ ఆయనకు నచ్చక పక్కన ఉండిపోయి, రచయిత పోయిన మూడేళ్లకు, 1956లో వినబడింది. తన బిడ్డలాంటి రచన వేరొకరి బీరువాలో మూగగా పడి ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి.

అందుకని షరతును ఒప్పుకోండి, కానీ గడువు పెట్టండి. మొదటి కచేరీ నాటినుంచి ఏడాదో, రెండేళ్లో ఆవిడ ఒక్కరే వాయించుకోవచ్చు. ఒప్పుకున్న తేదీనుంచి ఏడాదిలోపు ఒక్కసారైనా వేదిక మీద వాయించకపోతే ఆ ప్రత్యేకత రద్దవుతుందని కూడా రాయండి. అమెరికన్ వయొలిన్ విద్వాంసురాలు హిల్లరీ హాన్ 26 చిన్న రచనలను, ఒక్కొక్కటీ దాదాపు అయిదు నిమిషాల లోపు, వేర్వేరు రచయితల చేత రాయించుకుని, పోటీ ద్వారా ఎంచుకున్న మరొకదానితో కలిపి 27గా 2013లో రికార్డుగా తెచ్చారు. అందులో మన హిందుస్తానీ వయొలిన్ విద్వాంసురాలు కళా రామ్‌నాథ్ గారి ఆలాప్, తరానా ఉంది. హిందుస్తానీ తరానా మన తిల్లానాకు అక్క వంటిదే కదా. హాన్ గారు వాటిని దాచుకోలేదు. ఎందరో నేర్చుకుంటే రాయించుకున్నవారి పేరుకే గౌరవం. మీ విద్వాంసురాలికి ఇది చెప్పి చూడండి.

మరొక సంగతి చెప్పకపోతే అనంతపురం జిల్లావాడిగా నాకు తృప్తి ఉండదు. మీకు పక్కనే ఉన్న తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద భద్రంగా దొరికాయి. రేకుల మీద రాగం పేరుంది, సాహిత్యం ఉంది, స్వరం లేదు. పాడిన గొంతులతోపాటే ఆ వరుసలు పోయాయి. 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు వాటికి కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చింది. ఆ వరుసలు గొప్పవే. అయినా అన్నమయ్య తన నోటితో ఎలా పాడాడో మనకు ఎప్పటికీ తెలియదు. కాబట్టి కర్నూలు వారు చెప్పినట్టు స్వరం రాయండి, రెండు ప్రతులు రాయండి, ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.

సమాధానం: కడప న్యాయవాది

అయ్యా, నేను కడపలోనే న్యాయవాద వృత్తిలో ఉన్నాను. మా అమ్మాయి గాత్రం నేర్చుకుంటోంది, అందువల్ల ఈ చర్చ ఆసక్తిగా చదివాను. చట్టం మీరు అనుకుంటున్నదానికన్నా మీకు అనుకూలంగా ఉంది.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సంగీత రచనకు మొదటి యజమాని దాన్ని రచించినవారే. డబ్బిచ్చి అడిగి చేయించుకున్నవారు యజమానులయ్యే కొన్ని సందర్భాలను 17వ సెక్షన్ చెబుతుంది. ఫొటో, చిత్తరువు, చెక్కడం, సినిమా వంటివి ఆ జాబితాలో ఉన్నాయి, సంగీత రచన లేదు. కాబట్టి పారితోషికం ముట్టినంత మాత్రాన మీ తిల్లానా ఆవిడ సొత్తు కాదు. హక్కు బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం మీ సంతకంతో రాతపూర్వకమైన పత్రం ఉండాలి. అందులో గడువు రాయకపోతే అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టమే లెక్కిస్తుంది. మీరు హక్కు బదిలీ చేయనక్కర లేదు. పలానా గడువు వరకు ప్రత్యేకంగా వాయించుకునే అనుమతి ఇస్తున్నానని రాస్తే చాలు. వాయించేవారి హక్కు వేరు. ఆవిడ వాయించిన వాయింపు మీద, ప్రదర్శకురాలిగా ఆవిడకు ప్రత్యేకమైన హక్కు ఉంటుంది. దాన్ని మీరు తీసుకోలేరు, తీసుకోవాలని అనుకోకూడదు కూడా.

ఇంకో చిన్న విషయం చాలామందికి తెలియదు. చట్టం దృష్టిలో సంగీత రచన అంటే సంగీతం, దాని స్వరలిపి మాత్రమే. దానితో పాడే మాటలు సాహిత్య రచనగా వేరే లెక్కలోకి వస్తాయి. మీ తిల్లానా చరణంలో సాహిత్యం మీరే రాసి ఉంటే రెండూ మీవే. వేరొకరు రాసి ఉంటే ఆ పేరు కూడా పత్రంలో ఉండాలి. రాగం, తాళం, ముక్తాయింపు లెక్కలు ఎవరి సొత్తూ కావు.

పేరు విషయానికి వస్తే, హక్కులు అమ్ముకున్నా కూడా రచయితగా తన పేరు చెప్పమని అడిగే హక్కు 57వ సెక్షన్ మీకు ఇస్తుంది. ఏడాదైనా మార్చని ఆ కళాకారుడికి ముందు ఒక మర్యాదైన ఉత్తరం రాయండి. మీ చేతిరాత ప్రతి, పంపిన తేదీ, మీ ఇద్దరి మధ్య నడిచిన సందేశాలు జాగ్రత్త చేయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే మాత్రం సాక్ష్యంగా ఉపయోగపడుతుంది, సంగీత రచనకు రుసుము 500 రూపాయలు.

సమాధానం: కర్నూలు వయొలిన్

పేరు గురించి వచ్చింది కాబట్టి ఒకటి చేర్చాలి. పాడే కృతిలో వాగ్గేయకారుని ముద్ర (రచయిత పేరు తెలిపే మాట) చరణంలో వినబడుతుంది, అందుకే త్యాగరాజస్వామి కృతిని ఎవరూ తనదని చెప్పుకోలేరు. వయొలిన్ మీద చరణం వాయించినప్పుడు మాట వినబడదు, ముద్ర కూడా వినబడదు. వాద్యానికి రాసేవారి పేరు తేలిగ్గా పోవడానికి ఇదే కారణమని నా నమ్మకం. వీలైతే మీ ముద్రను స్వరాక్షరంగా కట్టండి. స, రి, మ, ప, ని అక్షరాలతోనే మీ ముద్రలో ఒకటి, రెండు అక్షరాలు కలిస్తే, తెలిసినవారు వాద్యంలో కూడా పోల్చుకుంటారు. పారితోషికం నిమిషాల లెక్కన తీసుకోకండి. నాకు రాసిన పెద్దాయన సగం ముందుగా, సగం శుభ్రప్రతి చేతికిచ్చిన రోజున తీసుకున్నారు. ఒకసారి దిద్ది ఇవ్వడం కూడా అందులోనే కలిపారు.

కడప వీణ

అందరికీ నమస్కారాలు. మీరు చెప్పిన తరువాత విద్వాంసురాలితో మాట్లాడాను. ఆవిడ పోయిన ఆదివారం ప్రొద్దుటూరుకు వచ్చి, అటునుంచి మా ఇంటికి వచ్చారు. వీణను గదిలో పెట్టి తలుపు వేసి, నేను ఒట్టి చేతులతో కూర్చున్నాను. గంటన్నర వాయించారు. మంద్రంలో రెండు తంతులూ కలిపి "ప ని స" అన్నప్పుడు మా ఇంటి కిటికీ రెక్క సన్నగా అదిరింది. ఆవిడ రిషభం నుంచి నిషాదానికి దిగేటప్పుడు ప్రతిసారీ కమానును కొంచెం పైకెత్తి, ఒక్క క్షణం నిశ్శబ్దం ఉంచి దిగుతారు. అది ఆవిడ తల్లిగారు పాడే పద్ధతి అట. చరణం ఇప్పుడు ఆ నిశ్శబ్దంతోనే మొదలవుతుంది. పల్లవి ఎత్తుగడను కూడా అర అక్షరం జరిపాను, విరామాలు 9 చొప్పునే పడ్డాయి.

రెండేళ్ల గడువుకు ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. ఏడాదిలోపు వాయించకపోతే అన్న షరతును తానే తన చేత్తో పత్రంలో రాశారు. పాత రచన విషయంలో న్యాయవాది గారు చెప్పినట్టు నిన్న స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. అనుమంద్రం దాకా దిగే ఆ పాత చరణాన్ని వీణకే ఉంచుకుని, దానికి తగిన పల్లవి వెతుకుతున్నాను.